వేరు చెప్పిన వయసు

నేను చదివింది పంటి వైద్యం. ఉద్యోగం మాత్రం ఎక్కువ కాలం చనిపోయినవాళ్ల దగ్గరే చేశాను. కర్నూలులో ఫోరెన్సిక్ విభాగంలో పనిచేసి, రిటైరయ్యాక పుట్టిన ఊరు కడపకు వచ్చేశాను. ఈమధ్య ఇదే పనిలో కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు ఇంటికొచ్చి, "మేడమ్, పుస్తకంలో లేనిది ఏదైనా చెప్పండి" అన్నారు. చెప్పడం మొదలుపెట్టాను. వాళ్ల బస్సు టైమయింది గానీ నా మాటలు అయిపోలేదు. మిగిలినవి ఇక్కడ రాస్తున్నాను.

నాకొచ్చిన ప్రమోషన్లు, బదిలీల గురించి రాయను. అవి అందరికీ ఒకే రకంగా వస్తాయి, ఒకే రకంగా రాకుండా పోతాయి.

పన్ను ఎట్లా పాతబడుతుంది

చిన్నపిల్లల వయసు పండ్లను బట్టి చెప్పడం అంత కష్టం కాదు. ఏ పన్ను ఎప్పుడు వస్తుందో, ఏ వేరు ఎప్పటికి పూర్తవుతుందో ఒక వరుస ఉంది. జ్ఞానదంతం వచ్చాక ఆ వరుస అయిపోతుంది. అక్కడినుంచి పన్ను పెరగదు, పాతబడుతుంది. ఆ పాతబడడాన్ని చదవడమే మన పని.

పన్ను పైన అరుగుతుంది. చిగుళ్లు వేరువైపు జారుతాయి. లోపల గుజ్జు ఉండే గది ఏళ్లు గడిచేకొద్దీ ఇరుకై, ముసలితనంలో దారపు పోగంత అవుతుంది. వేరు చుట్టూ ఉండే పొర మందమవుతుంది. అన్నిటికంటే నాకిష్టమైనది ఇంకొకటి ఉంది. వేరు కొన దగ్గర మొదలై, కొద్దికొద్దిగా పైకి పాకుతూ, పన్ను గాజులాగా అవుతుంది. పన్నును నిలువునా పలచగా సానబట్టి వెలుతురుకు అడ్డంపెడితే, ఆ గాజుభాగం ఎంతదాకా వచ్చిందో కంటికి కనబడుతుంది. పడుచువాళ్లలో కొన దగ్గర చుక్కంత ఉంటుంది. పెద్దవయసువాళ్లలో వేరు సగం దాటిపోతుంది.

వీటిలో ఏ ఒక్కదాన్నీ నమ్మి సంతకం పెట్టొద్దు. అయిదూ చూడండి. అయిదూ ఒక మాట చెప్పకపోతే, ఎందుకు చెప్పడం లేదో కనుక్కునేదాకా కలం ముట్టుకోవద్దు.

ఓబుళరెడ్డి సారు

నాకు పని నేర్పింది మా విభాగం పెద్ద, ఓబుళరెడ్డి సారు. కోపం ఎక్కువ. అందరి ముందూ అరిచేవారు, తర్వాత బాధపడేవారు కూడా కాదు. మంచి మనిషేనా అని అడిగితే వెంటనే అవునని చెప్పలేను. కానీ తప్పును ఒప్పుకోవడం ఎట్లా ఉంటుందో ఆయన దగ్గరే చూశాను.

నేను చేరిన కొత్తలో రాయచోటి వైపు కొండకింద దొరికిన ఒక ఆడమనిషి ఎముకలు మా దగ్గరికి వచ్చాయి. ఎముకలు సగమే దొరికాయి. పండ్లు మాత్రం నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఆ అరుగుదల చూసి సారు నలభై అయిదుకు పైనే అని రాశారు. అక్కడే ఒక ఊళ్లో వెంకటేశు అనే కూలీమనిషి, కట్టెలకు పోయి తిరిగిరాని తన భార్యే అదని చెబుతున్నాడు. ఆమెకు ముప్పై కూడా నిండలేదు. సారు అంకె చూసి పోలీసులు అతన్ని వెనక్కి పంపించారు. దాంతో ఊళ్లో మాట మారిపోయింది. ఆమె చచ్చిపోలేదనీ, ఎవరితోనో లేచిపోయిందనీ అన్నారు.

కొన్ని నెలల తర్వాత అదే కొండమీద ఆమె కొడవలి, కాలి మెట్టెలు, చీరముక్క దొరికాయి. సారు పండ్లను మళ్లీ తెప్పించి, ఈసారి వేరు చూశారు. అది పడుచుమనిషి వేరు.

ఆయన వెంకటేశును కర్నూలుకు పిలిపించారు. నేను పక్కనే ఉన్నాను.

"తప్పు నాదప్పా. ఆమె నీ భార్యే" అన్నారు.

అతను కోప్పడలేదు. "అయితే ఆ మాట మా ఊరికొచ్చి మీరే చెప్తారా సార్? నేను చెప్తే ఎవురూ ఇనరు" అన్నాడు.

సారు వెళ్లారు. నన్నూ తీసుకెళ్లారు. ఊళ్లో అందరూ కూచునే చోట నిలబడి, ఆమె లేచిపోలేదనీ, కొండమీద చనిపోయిందనీ, నెలల తరబడి ఆ సంగతి తెలియకపోవడానికి కారణం తానేననీ గట్టిగా చెప్పారు. వెంకటేశు తల్లి అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా కోడలి కోసం ఏడవడానికి కూడా ఆమెకు వీలు లేకపోయింది.

ఆ పండ్లు ఎందుకట్లా అరిగాయో కూడా అక్కడే తెలిసింది. ఆమె చిన్నప్పటినుంచి ఇటుకపొడితో పండ్లు తోముకునేది. తినేది విసుర్రాయిలో విసిరిన, రాతిపొడి కలిసిన జొన్నపిండి రొట్టె. తిరిగి వచ్చేటప్పుడు జీపులో సారు ఒకే మాట అన్నారు. "పుస్తకాలు రాసినోళ్లు మన రొట్టె తిన్లేదమ్మా."

ఆ తర్వాత ఏళ్ల తరబడి మేమిద్దరం ఒక పని చేశాం. ఆసుపత్రిలో మామూలుగా పీకేసే పండ్లను, వాటి మనుషుల అనుమతితో, అసలు వయసుతో సహా దాచిపెట్టాం. కర్నూలు పండ్లు, కడప పండ్లు. రొట్టె తిన్నవి, అన్నం తిన్నవి, పొగాకు నమిలినవి. మన చోటి మనుషుల పన్ను ఎట్లా పాతబడుతుందో మాకు కంటికి అలవాటయింది వాటితోనే. మీరు ఎక్కడ పనిచేసినా ముందు ఇది చేయండి.

సారు తర్వాత వచ్చినాయన మెత్తని మనిషి, ఎవరినీ నొప్పించేవారు కాదు. పోలీసులు ఫోన్ చేసి ఒక అంకె అడిగితే ఆ అంకె ఇచ్చేవారు. నలభై నుంచి యాభై అయిదు మధ్య అని నేను రాస్తే, "అంత వెడల్పుగా రాస్తే మనకు పని రాదనుకుంటారమ్మా" అనేవారు. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ మీకు ఇద్దరిలో ఒకరిని ఎంచుకునే వీలుంటే, అరిచే సారునే ఎంచుకోండి.

వంకలో దొరికిన దవడ

ఇప్పుడు చెప్పేది నేను రిటైరవడానికి కొన్నేళ్ల ముందు సంగతి. ఒక్క కేసే చెప్పమంటే దీన్నే చెబుతాను.

పత్తికొండ దగ్గర వానలు బాగా పడి ఒక వంక పారింది. నీళ్లు తీశాక ఇసుకలో ఒక కింది దవడ, రెండు తొడ ఎముకలు బయటపడ్డాయి. తొడ ఎముకల చివర్లు కుక్కలు కొరికేశాయి కాబట్టి వాటితో వయసు తేలే దారి లేదు. మొదట చూసిన కుర్ర డాక్టరు, దవడలో పండ్ల మొనలు ఏమాత్రం అరగకుండా వాడిగా ఉన్నాయని, ఇరవై నుంచి ఇరవై అయిదేళ్ల మనిషని రాశాడు.

సరిగ్గా ఆ వయసువాడు ఒకడు ఆ చుట్టుపక్కల కనబడకుండా పోయి ఏడాది దాటింది. పేరు దానియేలు. పత్తికొండ టమోటా మార్కెట్లో రంగయ్య శెట్టి అనే మండీ వ్యాపారి దగ్గర లారీ తోలేవాడు. లారీ పల్టీకొట్టి సరుకంతా రోడ్డుపాలయినరోజు శెట్టి మార్కెట్లో అందరిముందూ అతని చెంపమీద కొట్టి, "నిన్ను ఈడనే పూడ్చిపెడతా" అని అరిచాడు. ఆ సాయంత్రంనుంచి దానియేలు ఎవరికీ కనబడలేదు. ఫోను పలకలేదు. దవడ దొరకగానే పోలీసులు శెట్టిని అరెస్టు చేశారు. మండీకి తాళం పడింది.

సీఐ నాగేంద్ర దవడను మా దగ్గరికి స్వయంగా తెచ్చారు. చెడ్డ మనిషి కాదు. మీద ఒత్తిడి ఉన్న మనిషి. ఫైలు చదవకముందే పన్ను చూడాలనేది నా పద్ధతి. కానీ ఆయన గుమ్మంలోనే కథంతా చెప్పేశారు.

"డీఎన్‌ఏకు తొడ ఎముక పంపినాం మేడమ్. అందులో ఏమీ దొరకలేదన్నారు. ఇంక మీదే ఆధారం. ఆ పిల్లోడికి ఇరవై నాలుగు. ఇరవై నాలుగని ఒక్కమాట మీరు రాస్తే కేసు నిలబడతాది."

"పన్ను ఏం చెబితే అది రాస్తాను" అన్నాను.

"అది చెప్పేది అదే మేడమ్" అని నవ్వి వెళ్లిపోయారు.

సువార్తమ్మ

మర్నాడు పొద్దున నేను గది తాళం తీసేసరికి వరండాలో ఒకావిడ కూచుని ఉంది. తెల్లచీర, చేతిలో చిన్న సంచి. దానియేలు తల్లి సువార్తమ్మ. పత్తికొండ దగ్గర పల్లెలో రెండెకరాల మెట్టచేను, కూలిపనీ ఆమె బతుకు. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు.

"డాక్టరమ్మా, అది మావోనిది గాదు" అంది.

ఇట్లాంటి మాట నేను చాలామంది తల్లుల దగ్గర విన్నాను. చాలాసార్లు అది వాళ్ల బిడ్డదే అయింది. తల్లి మనసుకు ముందే తెలుస్తుందని కొందరు అంటారు. నా అనుభవంలో తెలియదు. అందుకే అవుననీ కాదనీ అనకుండా ఆమెను లోపల కూచోబెట్టాను.

"చర్చిలో పాస్టరు గారు సమాధికి చోటు చూపిచ్చినారు. అందరూ పూడ్చిపెట్టుకోమంటాండారు. నేను ఒప్పుకోలే. ఒకేళ అది మావోడే అయితే, నాకు సక్కగా చెప్పమ్మా, నేను తట్టుకుంటా. గాకపోతే గాదని చెప్పు. మధ్యలో మాత్రం పెట్టొద్దు."

"నాకు కొంచెం టైమివ్వమ్మా" అన్నాను.

"ఏడాది ఇచ్చినా గదా" అని లేచి, సంచి సర్దుకుని వెళ్లిపోయింది. విసురుగా అనలేదు. ఉన్నమాటే అన్నట్టు అంది.

దవడను కిటికీ దగ్గర బల్లమీద పెట్టి చూశాను. కుర్ర డాక్టరు చూసింది అబద్ధం కాదు. దంతాల మొనలు నిజంగానే నిన్న మొలిచినట్టున్నాయి. ఇటుకపొడి కేసు గుర్తుండబట్టి పైభాగాన్ని నమ్మడం మానేసి చాలాకాలమయింది. ఒక కోరపన్ను తీసి, నిలువునా సానబట్టి, వెలుతురుకు పెట్టాను.

గాజుభాగం వేరు సగం దాటి పైకి వచ్చేసింది. గుజ్జు గది సన్నని గీతలాగా ఉంది. వేరు చుట్టూ పొర మందంగా ఉంది. చిగుళ్లు జారిన గుర్తు వేరు మీద బాగా కిందికి ఉంది. ఇది పెద్దవయసు మనిషి పన్ను.

సంతోషపడలేదు, భయపడ్డాను. పైభాగం పడుచుదనం చెబుతోంది, కిందిభాగం ముసలితనం చెబుతోంది. మట్టిలో, నీళ్లలో పడి ఉన్న పన్ను ఒక్కోసారి మోసం చేస్తుంది. అందులోనూ ఆ తల్లి ముఖం చూసి ఉన్నాను. నాకు తెలియకుండానే ఆమెకు కావలసిన జవాబు వెతుకుతున్నానేమోనని అనుమానం వచ్చింది. ఇంకో వైపు పన్ను తీసి చూశాను. అదే మాట చెప్పింది.

మా విభాగంలో నాతో పనిచేసే డాక్టర్ షాహిన్‌ను పిలిచాను. కేసు సంగతి ఒక్కముక్క చెప్పకుండా, సానబట్టిన పంటి పలకలను ముందు పెట్టాను. ఆమె చాలాసేపు చూసి, "యాభై పైనే. ముప్పైలోపల అయ్యే ప్రసక్తే లేదు" అంది. అప్పుడు దవడ చూపించాను. "ఇదేంటి, పైన ఇంత కొత్తగా ఉంది?" అని తనూ ఆగిపోయింది.

ఇద్దరం దవడను పక్కనుంచి చూస్తూ కూచున్నాం. పండ్ల వరుస సమంగా లేదు. కొన్ని పండ్లు తమ చోటునుంచి పైకి లేచి ఉన్నాయి, దేన్నో అందుకోవడానికి పోయినట్టు. షాహిన్ తన పై పండ్లూ కింది పండ్లూ ఆనించి చూసుకుంటోంది. అది చూడగానే నాకు తట్టింది.

"ఈ మనిషికి పై పండ్లు లేవు షాహిన్. పడుచువయసులోనే పోయాయి. పైన పండ్లు లేకపోతే కిందివి దేనిమీద అరుగుతాయి?"

ఎదురుగా పన్ను లేని పన్ను అరగదు. తాకడానికి ఏమీ లేక నెమ్మదిగా పైకి లేస్తుంది. పై దవడ దొరక్కపోవడం వల్ల ఆ సంగతి ఎవరికీ కనబడలేదు. లోపల మాత్రం వయసు దాని దారిన అది నడిచింది. అయిదు గుర్తుల్లో నాలుగు ఒక మాట, ఒకటి వేరే మాట చెప్పడానికి కారణం దొరికింది. కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలాను. షాహిన్ నన్ను చూసి నవ్వింది. కేసు సంగతి ఇంకా తెలియదు కాబట్టి ఎందుకంత తేలికపడ్డానో ఆమెకు అర్థం కాలేదు.

రిపోర్టు రాశాను. యాభైకీ డెబ్బైకీ మధ్య వయసు మనిషి. పై పండ్లు చనిపోవడానికి చాలా ఏళ్ల ముందే పోయి ఉండాలి. డీఎన్‌ఏ పరీక్షకు తొడ ఎముక కాదు, నేను ముట్టుకోని దవడపన్ను పంపండి. అంతే.

నాగేంద్ర గారు వచ్చి చదివి, టోపీ తీసి బల్లమీద పెట్టారు.

"ఇరవై ఏళ్ల తేడానా మేడమ్? యాభై నుంచి డెబ్బై అంటే ఎవురైనా అయితారు."

"ఎవరైనా అవుతారు. ఇరవై నాలుగేళ్ల పిల్లాడు మాత్రం కాడు."

ఆయన రిపోర్టును మళ్లీ మొదటినుంచి చదివారు. తర్వాత, "అయితే శెట్టిని ఊరికే లోపలేసినానా?" అని మెల్లగా అడిగారు. దవడపన్ను ఆయనే పంపించారు. అది సువార్తమ్మ కొడుకుది కాదని జవాబు వచ్చింది. రంగయ్య శెట్టి విడుదలయ్యాడు.

సువార్తమ్మకు కబురు నేనే చెప్పాను. ఫోనులో చెప్పొచ్చు, కానీ ఆమె అడిగిన తీరు గుర్తుండి పల్లెకు వెళ్లాను. ఇంటిముందు పశువుకు మేత వేస్తోంది.

"గాదమ్మా. మీవాడు గాదు" అన్నాను, ఆమె మాటలోనే.

చేతిలో గడ్డి అట్లాగే పట్టుకుని నిలబడింది. "అయితే మావోడు ఉండాడా?"

"అది నేను చెప్పలేనమ్మా. ఈ పన్ను మీవాడిది కాదనేదాకే నాకు తెలుసు."

"చాలు. ఆ చోటు ఇంగొకరికి ఇచ్చుకోమని పాస్టరు గారికి చెప్తా" అంది. నన్ను కూచోబెట్టి, రాగిసంకటి పెట్టకుండా పంపలేదు.

పై పండ్లు లేని మనిషి

ఆ దవడ ఎవరిదో తేలకపోతే పని సగమే అయినట్టు. నాగేంద్ర గారు ఈసారి కుర్రవాళ్లను వదిలి, కనబడకుండా పోయిన పెద్దవయసువాళ్లను వెతికించారు. డోన్‌నుంచి లక్ష్మీదేవి అనే ఆవిడ వచ్చింది. తండ్రి తిక్కస్వామి రైలుపట్టాల మీద పనిచేసి రిటైరైనవాడు. మతిమరుపు వచ్చి, ఇంటి దారి కూడా మరిచిపోయేవాడు. ఒకరోజు డ్యూటీకి పోతున్నానని బయటికి నడిచి, మళ్లీ రాలేదు.

"మా నాయనకు పై పండ్లు లేవు మేడమ్. నేను పుట్టకముందే పనికాడ ఇనుపకడ్డీ మూతిమీద పడి అన్నీ పాయె. కట్టుడు పండ్లు పెట్టించినా పెట్టుకునేటోడు గాదు. రొట్టె పులుసులో నానబెట్టుకొని తినేటోడు" అంది.

పరీక్షలో కూడా ఆయనేనని తేలింది. ఆమె నన్ను ఒకటే అడిగింది.

"ఎవురన్నా కొట్టినారా మేడమ్?"

"నా దగ్గరికి వచ్చిన ఎముకల మీద దెబ్బ గుర్తు ఏదీ లేదమ్మా."

"అంటే దారి తప్పినాడు. అంతేగదా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "మా అమ్మ ఇంగా ఆయప్పకు కూడా రొట్టె చేస్తాంది మేడమ్. ఈ పొద్దుతో చాలించమని చెప్తా" అంది.

ఏడుస్తూనే వెళ్లింది. కానీ వచ్చేటప్పుడు ఉన్న బరువు ఆమె నడకలో లేదు. మన పనిలో సంతోషకరమైన కబురు అంటే ఎక్కువగా ఇట్లాంటిదే. దీన్ని తక్కువగా చూడొద్దు.

నోరు తెరిచినవాడు

తర్వాతి టమోటా కాలంలో పత్తికొండనుంచి కోలారు మార్కెట్‌కు పోయిన ఒక లారీ డ్రైవరు అక్కడ టీకొట్టు దగ్గర దానియేలును చూశాడు. బోర్లు వేసే బండిలో పని కుదుర్చుకుని ఊళ్లు తిరుగుతున్నాడు. అందరిముందూ చెంపదెబ్బ తిన్న సిగ్గుతో ఫోను పారేసి, మళ్లీ ఇంటికి ఏ ముఖంతో పోవాలో తెలియక ఉండిపోయాడు. ఆ డ్రైవరు అతని చొక్కా పట్టుకుని, "ఒరేయ్, నువ్వు సచ్చినావని శెట్టి జైలుకు పోయొచ్చినాడురా!" అన్నాడట. దానియేలు ఆ లారీలోనే ఊరికి వచ్చాడు. ముందు శెట్టి ఇంటికి పోయాడు. శెట్టి వాణ్ని చూసి మళ్లీ చెయ్యెత్తి, ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుని ఏడ్చాడని సువార్తమ్మ చెప్పింది.

ఆమె చెప్పింది మా ఆఫీసులో. కొడుకును రెక్కపట్టుకుని తీసుకొచ్చింది. బాగా నల్లబడ్డ, సన్నని కుర్రాడు. తల ఎత్తడం లేదు.

"నోరు తెరువురా. డాక్టరమ్మకు చూపీ" అంది.

"ఎందుకుమా?"

"నీ పండ్ల కోసరం ఆమె ఎంత కష్టపడిందో నీకేం తెలుసు? తెరువు!"

వాడు సిగ్గుపడుతూ తెరిచాడు. సువార్తమ్మ వాడి గడ్డం పట్టి వెలుతురు వైపు తిప్పింది. పైన పండ్లు, కింద పండ్లు, అన్నీ ఉన్నాయి. వెనక ఒక దవడపన్నుకు మాత్రం పెద్ద పుప్పి.

"ఇది నొప్పి పెట్టడం లేదా?" అన్నాను.

"శానా దినాలనుంచి పెడతాంది మేడమ్" అన్నాడు.

పంటి ఆసుపత్రికి చీటీ రాసి పంపొచ్చు. నాకు అట్లా పంపబుద్ధి కాలేదు. ఇద్దరినీ వెంటబెట్టుకుని అక్కడికి నేనే వెళ్లాను, అక్కడి డాక్టరును అడిగి కుర్చీ ఖాళీ చేయించుకున్నాను. బతికున్న మనిషి పన్ను ముట్టుకుని ఎన్నేళ్లయిందో. మత్తు సూది చేతిలోకి తీసుకున్నాను. సూది గుచ్చుకోగానే దానియేలు కుర్చీలో ఎగిరిపడి, గది అదిరేలా "అమ్మా!" అని అరిచాడు.

నేను చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. సువార్తమ్మ తలుపులోంచి తల లోపలికి పెట్టింది. ముఖమంతా నవ్వు, కళ్లనిండా నీళ్లు.

"అరవనీ మేడమ్" అంది. "అరవనీ."